వేళ్ళు బిగించడం వేరు, ఆనించడం వేరు: కూచిపూడి సాధనలో నిలకడ గురించి

మీ ప్రశ్న రెండు మూడుసార్లు చదివాను. మీ అమ్మాయికి 13 ఏళ్ళు, ఆరేళ్ళుగా కూచిపూడి నేర్చుకుంటోంది, నాలుగు నెలల కిందటే పళ్ళెం మీద సాధన (ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి ఆడటం) మొదలైంది. ఒంటికాలి మీద నిలబడితే ఊగిపోతోంది, ఎడమ కాలి మీద మరీను. సాధన అయ్యేసరికి వేళ్ళ కొసలు ఎర్రగా కందిపోయి ఉంటున్నాయి. టీచరుగారు "వేళ్ళతో పట్టు, వేళ్ళతో పట్టు" అంటున్నారు. పిక్కలు పట్టేస్తున్నాయని ఫిజియోథెరపిస్టుకి చూపిస్తే ఆయన "వేళ్ళు ముడవద్దు" అన్నారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి అని అడిగారు.

ఇద్దరూ సరిగ్గానే చెప్పారు. చిక్కంతా "పట్టు" అన్న మాట దగ్గరే వచ్చింది. ఆ మాట అన్నప్పుడు టీచరుగారి కాలికి తెలిసిన అర్థం ఒకటి, పిల్ల చెవిన పడిన అర్థం ఇంకొకటి. పట్టు అనగానే పిల్లలు గుప్పిట బిగించినట్టు కాలివేళ్ళు బిగిస్తారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే బిగించాను. 28 ఏళ్ళుగా నేర్పుతున్నాను, నా దగ్గరికొచ్చిన పిల్లల్లో ఈ పొరపాటు చెయ్యనివాళ్ళు బహు తక్కువ. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఇంట్లో ఒక చిన్న పని చెయ్యండి. మా మాస్టారింట్లో వసారా అంతా ఎర్ర గచ్చు. సాధనకి ముందు ఒక బేసిన్లో నీళ్ళు పెట్టించి, ఒక్కొక్కళ్ళనీ పాదాలు ముంచి గచ్చు మీద నిలబడమనేవారు. పది లెక్కపెట్టాక పక్కకి జరగాలి. అప్పుడాయన మా మొహాలు చూసేవారు కాదు, వంగి ఆ తడి గుర్తులు చూసేవారు. గుండ్రంగా మడమ గుర్తు, వేళ్ళ మొదళ్ళ దగ్గర వెడల్పాటి పట్టీ, దాని ముందు ఐదు బొట్లు. ఆ ఐదు బొట్ల కోసమే ఆయన వంగేది. బొటనవేలిది రేగుపండంత, మిగతావి శనగగింజలంత పడి, అంచులు నిండుగా ఉంటే తల ఊపేవారు. వేళ్ళు ముడిచిన పిల్లకి ఆ బొట్లు చిన్న చుక్కలైపోతాయి. వేలి కొసా గోరంచూ మాత్రమే నేలకి తగిలాయన్నమాట. కొంతమందికి రెండు మూడు వేళ్ళ గుర్తులే పడవు, ఆ వేళ్ళు గాల్లో ఉన్నాయి. నాకు ఎడమ చిటికెన వేలి బొట్టు రెండేళ్ళపాటు పడలేదు.

మీ అమ్మాయిని అలాగే నిలబెట్టి చూడండి. ఇంట్లో టైల్స్ నున్నగా ఉంటాయి కాబట్టి జారకుండా పక్కన మీరుండండి, లేదా పాత న్యూస్‌పేపరు పరిచి దాని మీద నిలబెట్టండి. ముందు రెండు కాళ్ళ మీద, తర్వాత ఒంటికాలి మీద. ఒంటికాలి మీదకి వచ్చేసరికి ఎడమ పాదం గుర్తు మారిపోతుందని నా అనుమానం. వేళ్ళ కొసలు కందుతున్నాయని మీరు రాసినదాన్ని బట్టి చెబుతున్నాను. వేలి కింద మెత్తటి కండ మీద బరువు పడితే కొసలు కందవు.

ఇప్పుడు అసలు విషయం. మనం కదలకుండా నిలబడ్డామనుకుంటాం కానీ ఒళ్ళు ఎప్పుడూ కదలకుండా ఉండదు. గాలికి చెట్టు ఊగినట్టు లోపల్లోపల ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంటుంది. ఒంటి బరువు సూటిగా చీలమండ మీద పడదు, దానికి కాస్త ముందుగా పడుతుంది. అందుకే నిలబడ్డంతసేపూ పిక్క కండరం పనిచేస్తూనే ఉంటుంది, లేకపోతే ముందుకి తూలిపోతాం. చీలమండకి వెనక ఉన్నది నాలుగు వేళ్ళ మందం మడమే. ముందు మాత్రం పాదం పొడుగ్గా ఉంది. అంటే వెనక్కి తూలితే ఆపుకోవడానికి చోటు తక్కువ, ముందుకి తూలితే ఎక్కువ. నాట్యంలో బరువు కొంచెం ముందుకి తెచ్చుకోమని చెప్పేది అందుకే.

ఇది చదువుతూనే మీరూ ఒకసారి లేచి చూడండి. చెప్పులు విప్పి, పాదాలు దగ్గరగా పెట్టి, నడుము వంచకుండా నిలువునా ముందుకి వాలండి. ఒక చోట వేళ్ళు వాటంతటవే నేలని నొక్కుతాయి, వాలడం ఆగుతుంది. ఈసారి వేళ్ళు ఐదూ పైకెత్తి ఉంచి, మళ్ళీ అలాగే వాలండి. ఎంత తొందరగా అడుగు వెయ్యాల్సివచ్చిందో గమనించండి. మొదటిసారికీ రెండోసారికీ మధ్య ఉన్న ఆ జాగా వేళ్ళు ఇచ్చినది. వేళ్ళు లేకపోతే మన పాదం వేళ్ళ మొదళ్ళ దగ్గరే అయిపోయినట్టు.

పాదంలో ఎముకలు 26. అందులో 19 ఈ ముందు భాగంలోనే ఉన్నాయి: వేళ్ళవి 14, వాటి వెనక పొడుగాటివి 5. ఇన్ని చిన్న ముక్కలు అక్కడే ఎందుకున్నాయంటే సన్నటి సర్దుబాట్లన్నీ అక్కడే జరుగుతాయి గనక. మడమ పెద్ద బరువు మోస్తుంది, కానీ తనంత తాను సర్దుకోలేదు.

ఇక మీ ప్రశ్నకి గుండెకాయ లాంటి సంగతి. కాలివేళ్ళని కిందికి లాగే కండరాలు రెండు రకాలు. ఒక రకం పిక్క లోపల పుట్టి, చీలమండ వెనకగా దిగి, అరికాలి కింద నుంచి వెళ్ళి వేలి కొస ఎముకకి అతుక్కుంటాయి. పొడుగాటి తాళ్ళు అనుకోండి. అవి లాగితే వేలు కొస దగ్గర్నుంచి ముడుచుకుంటుంది, పిల్లి గోరు బయటపెట్టినట్టు. రెండో రకం అరికాలి లోపలే పుట్టి అక్కడే అంతమయ్యే చిన్న కండరాలు. వాటిలో కొన్ని వేలిని మొదలు దగ్గర మాత్రం వంచి, వేలిని చాపే ఉంచుతాయి. చేతితో చేసి చూస్తే వెంటనే తెలుస్తుంది. బల్ల మీద గుప్పిట బిగించి నొక్కండి. తర్వాత వేళ్ళు చాపి, వేలి కండతో, మెటికల దగ్గర్నుంచి నొక్కండి. రెండోసారి చెయ్యి ఎంత వెడల్పుగా ఆనిందో, మణికట్టు ఎంత వదులుగా ఉందో చూడండి. మొదటిసారి మోచేయి దాకా బిగుసుకుపోతుంది.

కాలిలోనూ అంతే. ముడిచిన వేలు నేలకి కొసతో మాత్రం తగులుతుంది, ఆధారం చిన్నదవుతుంది. పిక్కలోంచి వచ్చే తాళ్ళు బిగిసి ఉంటాయి కాబట్టి చీలమండ మొరాయిస్తుంది. ఒళ్ళు కొంచెం ఊగినప్పుడు చీలమండ చటుక్కున సర్దుకోవాలి, బిగిసినది సర్దుకోదు. అప్పుడు సర్దుబాటు తుంటి దగ్గరికీ చేతుల దగ్గరికీ పోతుంది, చూసేవాళ్ళకి పిల్ల ఊగుతున్నట్టు కనిపిస్తుంది. మీ అమ్మాయి పిక్కలు పట్టెయ్యడానికి చాలామటుకు ఇదే కారణం అయ్యుంటుంది. ఫిజియోథెరపిస్టు చెప్పినది ఈ ముడవడం గురించి. టీచరుగారు కోరుతున్నది రెండోది, చాపిన వేలితో ఆనించి నొక్కడం. మా తరంలో దీనికి విడిగా మాట లేదు, అన్నిటికీ "పట్టు" అనేవాళ్ళం. నా క్లాసులో ఇప్పుడు "ఆనించు" అంటున్నాను. ఆ ఒక్క మాట మార్చాక పిల్లల కాళ్ళలో తేడా కనపడింది.

బొటనవేలి గురించి విడిగా చెప్పాలి. దాని మొదలు కింద, కండలో ఇమిడి, శనగగింజల్లాంటి చిన్న ఎముకలు రెండు ఉంటాయి. డాక్టర్లు వాటిని సెసమాయిడ్లు అంటారు, నువ్వుగింజని బట్టి వచ్చిన పేరు. బరువంతా పాదం ముందుకి వచ్చినప్పుడు బొటనవేలి మొదలు ఈ రెండు గింజల మీద కూర్చుంటుంది, బొటనవేలిని లాగే తాడు వాటి మధ్య నుంచి వెళుతుంది. అందువల్ల ఎంత బరువు పడ్డా ఆ తాడు నలగదు. బొటనవేలి మొదలు ఒకవైపు, చిటికెన వేలి మొదలు ఒకవైపు, వెనక మడమ. ఒంటికాలి మీద నిలబడితే పక్కలకి ఊగే ఊపుని ఆపేది ముందున్న ఈ ఇద్దరే, తక్కెడకి రెండు పళ్ళేల్లాగా. లోపలికి ఊగితే బొటనవేలి వైపు నొక్కుతుంది, బయటికి ఊగితే చిటికెన వేలి వైపు. ఒక వైపు వేలు గాల్లో ఉంటే ఆ వైపు ఆపేవాళ్ళు లేరు. అందుకే నా చిటికెన వేలి బొట్టు కోసం మాస్టారు రెండేళ్ళు పట్టుబట్టారు. అప్పుడు నాకు అది చాదస్తంలా తోచింది. బొట్టు పడ్డాక ఎడమ కాలి మీద భ్రమరి, అంటే గిరగిరా చుట్టు, తిరిగితే గానీ అర్థం కాలేదు.

మడమ ఎత్తి మునివేళ్ళ మీదకి వచ్చినప్పుడు కథ మారుతుంది. ఇది కూడా చేతితో చూడొచ్చు. మీ అమ్మాయిని కూర్చోబెట్టి, పాదం నేల మీద ఆనించి ఉండగా, మీ చేత్తో దాని బొటనవేలిని మెల్లిగా పైకెత్తండి. అరికాలి గుంట దానంతటది పైకి లేస్తుంది. మడమ నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా అరికాలి కింద గట్టి పట్టీ ఒకటి ఉంది, ప్లాంటార్ ఫేషియా అంటారు. వేలు పైకి వంగినప్పుడు ఈ పట్టీ వేలి మొదలు ఎముక చుట్టూ, గిలక మీద చేంతాడు చుట్టుకున్నట్టు చుట్టుకుని బిగుస్తుంది. మడమా వేళ్ళ మొదళ్ళూ దగ్గరకొస్తాయి, గుంట లేస్తుంది, మెత్తగా ఉన్న పాదం గట్టి దూలంలా అవుతుంది. హిక్స్ అనే బ్రిటిష్ వైద్యుడు 1954లో దీన్ని వివరించాడు. మునివేళ్ళ మీద పాదం కుంగిపోకుండా నిలబడగలగడానికి ఇదొక పెద్ద కారణం. ఇది పనిచెయ్యాలంటే వేలు మొదలు దగ్గర స్వేచ్ఛగా పైకి వంగాలి. బిగించి ముడిచిన వేళ్ళతో మునివేళ్ళ మీదకి లేస్తే వేలి కండ నేలకి ఆనదు, బరువు కొసల మీదా మొదళ్ళ మీదా పడి పాదం వణుకుతుంది. బాలే వాళ్ళు మనకన్నా ఎత్తుగా లేస్తారు, వాళ్ళకి బొటనవేలి మొదలు దాదాపు 90 డిగ్రీలు వంగాలి. మన అడుగులకి అంత అక్కర్లేదు.

అలా లేచినప్పుడు బరువు బొటనవేలికీ రెండో వేలికీ మధ్య పడాలి. చిటికెన వేలి వైపుకి జారితే చీలమండ మడతపడుతుంది. ఒక్కోసారి చిటికెన వేలి వెనక ఉండే పొడుగాటి ఎముక మెలితిరిగి విరుగుతుంది కూడా. డాక్టర్లు దాన్ని డాన్సర్ ఫ్రాక్చర్ అనే పిలుస్తారు. ఎడమ కాలి మీద ఊగడం ఎక్కువైన పిల్ల విషయంలో ఇది గుర్తుపెట్టుకోవాలి.

మన పెద్దవాళ్ళు ఈ సంగతులు ఎముకల పేర్లు తెలియకుండానే పట్టుకున్నారు. నాట్యశాస్త్రం చెప్పిన పాదభేదాలు ఐదు: ఉద్ఘట్టితం, సమం, అగ్రతలసంచరం, అంచితం, కుంచితం. పాదమంతా నేలకి ఆనించే సమం ఒక్కటి తీసేస్తే మిగిలిన నాలుగూ పాదం ముందు భాగానికీ మడమకీ మధ్య బరువు ఎలా మారుతుందన్నదే. ఉద్ఘట్టితంలో పాదం ముందు భాగం మీద లేచి మడమని దింపి తట్టాలి. అంచితంలో మడమ నేల మీద, ముందు భాగం పైన. అగ్రతలసంచరం లక్షణం చూడండి: మడమ ఎత్తి ఉండాలి, బొటనవేలు ముందుకి చాచి ఉండాలి, మిగతా వేళ్ళు వంగి ఉండాలి. బొటనవేలిని మిగతా వేళ్ళనుంచి వేరు చేసి చెప్పారు. బొటనవేలు ఒక్కటీ ఒక పని, మిగతా నాలుగూ ఇంకో పని చెయ్యగల పాదం కావాలని ఆ శ్లోకం అడుగుతోంది. నేటి పిల్లల్లో చాలామందికి ఆ రెండూ విడిగా కదలవు. ఎనిమిది గంటలు బిగుతు స్కూల్ బూట్లలో ఉన్న పాదానికి విడివిడిగా కదలడం ఎలా వస్తుంది? మీ అమ్మాయి బూట్లు ముందువైపు సన్నగా ఉంటే ముందు అవి మార్చండి. బూటు లోపలి అట్ట బయటికి తీసి, దాని మీద పాదం పెట్టి చూస్తే వేళ్ళు అంచు దాటుతున్నాయో లేదో తెలిసిపోతుంది.

ఇంకొక పని కూడా వేళ్ళు చేస్తాయి, నా ఉద్దేశంలో అన్నిటికన్నా పెద్ద పని అదే. అరికాలి చర్మంలో ఒత్తిడినీ సాగుడునీ అదురునీ పసిగట్టే నరాల కొసలుంటాయి. నేల ఎటు ఒరిగింది, బరువు ఎటు జారుతోంది అన్న కబురు కంటికన్నా ముందు అక్కడ అందుతుంది. మనం వట్టి కాళ్ళతో ఆడటం వల్ల మనకి దక్కిన సంపద ఇది. సాక్సులు వేసుకుని సాధన చేయించడం నేను ఒప్పుకోను, చలిగా ఉన్నా సరే. అమెరికాలో ఉన్న మా పిల్లలు బేస్‌మెంట్లలో చల్లటి నేల మీద సాధన చేస్తారు, పాదాలు మొద్దుబారి ఉంటాయి, నిలకడ దొరకడం లేదని ఫోన్ చేస్తారు. ముందు గోరువెచ్చటి నీళ్ళలో ఐదు నిమిషాలు పాదాలు ఉంచి, తుడుచుకుని, వేళ్ళ సందుల్లో చేతివేళ్ళు పెట్టి మెల్లిగా విడదీసి అప్పుడు మొదలుపెట్టమంటాను. వేళ్ళు బిగించినప్పుడు ఈ కబురు కూడా మందగిస్తుంది, ఎందుకంటే చర్మం నేలకి తగిలే జాగాయే తగ్గిపోతుంది.

ఇది చదివేవాళ్ళలో నలభై దాటాక నాట్యం మొదలుపెట్టినవాళ్ళు ఉంటే వాళ్ళకో మాట. షుగర్ ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, అది మీకు తెలియకుండానే తగ్గుతుంది. పళ్ళెం ఎక్కేముందు డాక్టరు చేత పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోండి. వేలు కోసుకున్నా తెలియని కాలితో ఇత్తడి అంచు మీద నిలబడకూడదు.

ఇక పళ్ళెం దగ్గరికి వస్తాను. నారాయణ తీర్థుల తరంగానికి (కృష్ణుడి మీద రాసిన పాటకి) పళ్ళెం మీద ఆడటం కూచిపూడికే ప్రత్యేకమైన గుర్తు, పిల్లలందరికీ ఎప్పుడెప్పుడా అని ఉంటుంది. పళ్ళెం అంచు మీద పాదం పడే తీరు ఒక్కో బాణీలో కొంచెం తేడాగా ఉంటుంది. నేను నేర్చుకున్న పద్ధతిలో మడమలు పళ్ళెం లోపలి వైపు ఉంటాయి, వేళ్ళ మొదళ్ళ కండకి కాస్త వెనగ్గా అంచు తగులుతుంది, వేళ్ళు అంచు దాటి బయటికి వాలి ఉంటాయి. ముందుకి నడపాలంటే బరువు ఒక కాలి మీదకి మార్చి, తేలికైన వైపు అంచుని కొద్దిగా తిప్పి, మళ్ళీ బరువు ఇటు మార్చి అటు తిప్పాలి. జతి (తకధిమి లాంటి పలుకుల వరస) ఎంత జోరుగా ఉన్నా బరువు ఈ కాలి నుంచి ఆ కాలికి నీళ్ళు పారినట్టు మారాలి.

ఇక్కడ వేళ్ళకి నిజంగానే పట్టుకునే పని ఉంది, కాదనను. కానీ ఆ పట్టు ఎలాంటిదంటే, చంటిపిల్లని నడిపించేటప్పుడు చెయ్యి పట్టుకుంటామే, అలాంటిది. పడబోతే ఆగేంత గట్టిగా ఉంటుంది, పిల్ల ఎటు లాగుతోందో తెలిసేంత వదులుగా ఉంటుంది. పాదం మొత్తం అంచు చుట్టూ వంగి ఒదిగితే చాలు. కొసలతో గీరుకుంటే పాదం ఎముకలా బిగిసి, అంచు మీద ఒకే గీత దగ్గర ఆనుతుంది. అప్పుడు కండరం వణుకు నేరుగా పళ్ళేనికి అందుతుంది. కళ్ళు మూసుకుని వినండి, మీ అమ్మాయి పళ్ళెం మీద ఊరికే నిలబడ్డప్పుడు కూడా నేల మీద టకటకమని సన్నటి చప్పుడు వస్తుంటే అది వేళ్ళు బిగించిన చప్పుడే. ఒదిగిన పాదం కింద పళ్ళెం నిశ్శబ్దంగా ఉంటుంది, కదిలినప్పుడు మాత్రం గీరుడు వినిపిస్తుంది.

నాకిది తెలిసిన రోజు చెబుతాను. నాకప్పుడు 17 ఏళ్ళు. ఒక ఊళ్ళో ఉత్సవాలకి స్టేజీ కట్టి పైన జంపఖానా పరిచారు. జంపఖానా మీద పళ్ళెం కదలదు, మెత్తగా కుంగుతుంది. పరిచినవాళ్ళని తియ్యమని అడగడానికి నాకు నోరు రాలేదు. నెత్తిన చెంబు, అందులో నీళ్ళు, రెండు చేతుల్లో ప్రమిదలు. పళ్ళెం మొరాయించేసరికి భయంతో వేళ్ళు బిగించాను. రెండో జతి మధ్యలో ఎడమ అరికాలు కొంకర్లు పోయింది, వేళ్ళు ఒకదాని మీదకి ఒకటి ఎక్కిపోయాయి. చెంబు పడింది, నీళ్ళు చీర మీదా ప్రమిదల మీదా పడ్డాయి, నేను పళ్ళెం దిగి నిలబడ్డాను. నట్టువాంగం చేస్తున్న (తాళాలు వాయిస్తూ జతులు చెబుతున్న) మాస్టారు తాళం ఆపలేదు. నేల మీదే ఆ తరంగం పూర్తి చేశాను. అయ్యాక ఆయన ఒక్క మాట అనలేదు. మా అమ్మతో వేడినీళ్ళు తెప్పించి నా పాదం తన ఒళ్ళో పెట్టుకుని కాపడం పెట్టారు. వేళ్ళకి పెట్టిన పారాణి చూపించారు. కొసల కింద అది పూర్తిగా చెరిగిపోయి ఉంది, వేళ్ళ కండ మీద మాత్రం పెట్టినది పెట్టినట్టే ఉంది. ఆ ఎరుపు చూశాకే రెండేళ్ళుగా ఆయన వంగి చూస్తున్నది ఏమిటో నాకు తెలిసింది. అప్పటినుంచి నా పిల్లలకి ప్రదర్శన అయ్యాక పారాణి కడుక్కునే ముందు నాకు చూపించమని చెబుతాను.

సాధన సంగతి. పళ్ళెం నెల రోజులు పక్కన పెట్టమనండి. టీచరుగారితో గొడవపడి కాదు, "పిక్కలు పట్టేస్తున్నాయి, ఒక నెల నేల మీద చేయించండి" అని మర్యాదగా అడగండి, ఏ గురువూ కాదనరు. పెరిగే వయసులో ఎముకల చివర్లు ఇంకా గట్టిపడి ఉండవు కాబట్టి ఈ జాగ్రత్త అవసరం కూడా.

ఆ నెలలో రోజూ పది నిమిషాలు చాలు. కుర్చీలో కూర్చుని పాదం నేలకి ఆనించి, వేళ్ళు ముడవకుండా, వేళ్ళ మొదళ్ళని మడమ వైపుకి లాగుతున్నట్టు చేసి అరికాలి గుంటని పైకెత్తాలి. వేళ్ళు నేల మీద చాపే ఉండాలి. మొదట్లో రాదు, పక్కన ఎవరో ఒకరు కూర్చుని వేళ్ళు ముడుస్తోందేమో చూడాలి. ఐదు లెక్కపెట్టేదాకా ఉంచి వదలాలి, ఒక్కో కాలికి పదిసార్లు. వారం పోయాక అదే నిలబడి, ఆ తర్వాత ఒంటికాలి మీద. ఫిజియోథెరపిస్టుకి చెబితే వెంటనే గుర్తుపడతారు, వాళ్ళు దీన్ని షార్ట్ ఫుట్ అంటారు.

తర్వాత బొటనవేలు ఒక్కటి ఎత్తి మిగతా నాలుగు నేలకి ఆనించడం, మళ్ళీ నాలుగు ఎత్తి బొటనవేలు ఆనించడం. ఇది రాకపోతే చేత్తో సాయం చెయ్యండి, మెదడు నేర్చుకుంటుంది. మూడు వారాల్లో వచ్చిన పిల్లలున్నారు, మూడు నెలలు పట్టినవాళ్ళూ ఉన్నారు. ఎడమ కాలికి ఎక్కువసార్లు చేయించండి. టవల్ నేల మీద పరిచి వేళ్ళతో ముడిచి లాగే వ్యాయామం చాలామంది చెబుతారు. నేను చెప్పను. అది ముడిచే తాళ్ళనే ఇంకా బలపరుస్తుంది, ముడిచే అలవాటున్న పిల్లకి అది అక్కర్లేదు.

గోడకి ఒక చేతివేలు ఆనించి, ఒంటికాలి మీద మడమ ఎత్తి దించడం. పైకి లేచినప్పుడు బరువు బొటనవేలు, రెండో వేలు మధ్య ఉందా అన్నది అద్దంలో వెనకనుంచి చూడాలి. మడమ బయటికి వాలితే ఆపేసి మళ్ళీ మొదలు. పెద్దవాళ్ళకి 25 సార్లు లెక్క, మీ అమ్మాయికి పది చక్కగా వస్తే చాలు, తర్వాత మెల్లిగా పెంచండి. వంకరగా చేసిన ముప్పై కన్నా ఆ పదే మేలు. ఇది అయ్యాక ఒంటికాలి మీద ఊరికే నిలబడి కళ్ళు మూసుకోవడం. అప్పుడు పాదం ముందు భాగంలో సన్నగా, అటూ ఇటూ, ఆగకుండా జరిగే కదలిక కనిపిస్తుంది. దాన్ని ఆపమని చెప్పకండి. పాదం తన పని చేసుకుంటోంది. పైన భుజాలు, నడుము కదలకుండా ఉంటే సరే.

మళ్ళీ పళ్ళెం ఎక్కినప్పుడు మొదటి వారం కదపొద్దు. పాదాలు ఒదిగించి, అరమండిలో (మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చున్నట్టు) ఉండి, చప్పుడు లేకుండా తాళం ఒక చుట్టు తిరిగేదాకా నిలబడటం, దిగడం. అంచు మీద గరుకు ఉంటే సాన పట్టించండి. పళ్ళెం పలచనైతే వద్దు, పిల్ల బరువుకి వంగి అంచు కోస్తుంది.

కొన్ని నొప్పులు మాత్రం సాధనతో పోవు. బొటనవేలి మొదలు కింద, మడమ ఎత్తినప్పుడల్లా ముల్లు గుచ్చినట్టు ఉంటే ఆ రెండు గింజలకి దెబ్బ తగిలి ఉండొచ్చు. నాకు 23వ ఏట అదే వచ్చింది. సిమెంటు నేల మీద రోజుకి మూడు గంటలు కుట్టడుగులు (మునివేళ్ళ మీద ఎగిరి మడమ తట్టే అడుగులు) వేసి తెచ్చుకున్నాను, మూడు నెలలు గజ్జె కట్టలేదు. పాదం పైన ఒక్క చోట వేలు పెట్టి నొక్కితే నొప్పి ఉండి, అది రాత్రిళ్ళు కూడా ఉంటే ఎముక డాక్టరుకి చూపించాలి. నొప్పి ఓర్చుకోవడం నాట్యంలో భాగమని ఎవరన్నా అంటే వినకండి, ఆ మాట వల్ల పాదాలు పోగొట్టుకున్నవాళ్ళని చూశాను.

పిల్లకి విసుగు రాకుండా ఇంకొకటి చేయించొచ్చు. సింహనందిని అనే నాట్యం గురించి చెప్పండి. 128 అక్షరాల సింహనందన తాళానికి అడుగులు వేస్తూ, గుడ్డ కింద పరిచిన రంగుపొడి మీద పాదాలతోనే సింహం బొమ్మ గీస్తారు. అది ఆడేవాళ్ళకి మడమ ఒక కుంచె, వేళ్ళ మొదళ్ళు ఒక కుంచె, బొటనవేలు ఇంకొక కుంచె. ఇంట్లో పళ్ళెంలో బియ్యప్పిండి పల్చగా పరిచి, నిలబడి, ఆనుకోకుండా, ఎడమ బొటనవేలితో ముగ్గు గీయించండి. మొదట చుక్క, తర్వాత గీత, తర్వాత గుండ్రం. అప్పుడు కుడి కాలు నిలబడుతుంది, ఎడమ వేలు నేర్చుకుంటుంది. తర్వాత కాళ్ళు మార్చాలి, ఎడమ కాలు నిలబడటం నేర్చుకునేది అప్పుడే. మా క్లాసులో చిన్నపిల్లలు దీనికోసమే ముందుగా వస్తారు.

రెండు వారాలయ్యాక మళ్ళీ పాదాలు తడిపి, ఒంటికాలి మీద నిలబెట్టి, ఎడమ పాదానికి ఎన్ని బొట్లు పడ్డాయో, చిటికెన వేలిది పడిందో లేదో ఇక్కడే రాయండి. దాన్ని బట్టి తర్వాతిది చెబుతాను.